ధర్మకాంటా దాకా వచ్చే సన్నతీగ



మీరు ఈ మాటలు నిజామాబాద్ ఎఫ్ఎం 103.2 మీద వింటుంటే నా గొంతు తేటగానే వినపడుతుండాలి. ప్రసంగం అయిపోయాక ఒక పని చేసి చూడండి. మీ దగ్గర పాత రేడియో ఉంటే మీడియం వేవ్‌కు తిప్పి, హైదరాబాద్ కేంద్రం 738 దగ్గర ఆపండి. బాయికాడ మోటరు స్టార్టర్ పడ్డప్పుడల్లా టప్‌మంటుంది. ఇంట్లో ఎల్ఈడీ బల్బు వెలిగితే సన్నగా ఈల వేస్తుంది. పక్కింటివాళ్లు మిక్సీ తిప్పితే వార్తలు మధ్యలోనే మింగేస్తుంది. మీడియం వేవ్‌లో మాటంతా తరంగం ఎత్తుపల్లాల్లో దాగి ఉంటుంది. మోటరు గోల కూడా ఎత్తుపల్లాల రూపంలోనే వచ్చి పడుతుంది. ఏది మాటో, ఏది గోలో రేడియోకు తెలియదు. ఎఫ్ఎంలో అలా కాదు. తరంగం ఎంత గబగబా ఊగుతోంది అన్నదాంట్లో మాట ఉంటుంది కాబట్టి, ఎత్తు మీద వచ్చి పడ్డ గోలను రేడియో కోసి పారేస్తుంది.

రేడియో ఆ యుక్తితో బయటపడింది. మన రైస్ మిల్లుల్లో, చక్కెర కర్మాగారాల్లో, ధర్మకాంటాల్లో కొలతల సంకేతాలు మోసే సన్నతీగలకు ఆ యుక్తి చాలాచోట్ల లేదు. వాటికి ఉన్న మొదటి రక్షణ, అన్నిటికంటే చవకది, దూరం. కరెంటు కేబుల్‌కూ సన్నతీగకూ మధ్య మనం వదిలే జానెడు, మూరెడు ఖాళీ. దాన్ని గురించే ఈ పూట నాలుగు మాటలు.

కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది కాబట్టి ఆ క్షేత్రం కూడా అలాగే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మారే క్షేత్రంలో తీగచుట్టు ఉంటే అందులో వోల్టేజీ పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో తేల్చాడు. సరిగ్గా వందేళ్లకు, 1931లో, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో మంజీర మీద మన నిజాంసాగర్ పూర్తయింది. ఆ కట్టకింద తర్వాత తిరిగిన విద్యుత్ జనరేటర్లు ఫారడే సూత్రం మీద పనిచేసేవే. జనరేటర్‌లో మనం కావాలని పుట్టించుకునే వోల్టేజీయే కేబుల్ ట్రేలో ఎవరూ అడగకుండా పుడుతుంది. ఎంత పుడుతుందన్నది మూడు సంగతుల మీద ఉంటుంది. రెండు తీగలు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎంత పొడుగు పక్కపక్కనే నడిచాయి, సన్నతీగ పోయే దారికీ వచ్చే దారికీ మధ్య ఎంత ఖాళీ ఉంది.

లెక్క చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. ఒంటి తీగలో 100 ఆంపియర్లు పారుతున్నాయి. దానికి 10 సెంటీమీటర్ల దూరంలో సన్నతీగల జత 50 మీటర్లు సమాంతరంగా పోతోంది. ఆ జతలో తీగకూ తీగకూ మధ్య ఒక్క సెంటీమీటరు సందు. అందులో పుట్టే వోల్టేజీ సుమారు 30 మిల్లీవోల్టులు. వోల్టులో వెయ్యో వంతును మిల్లీవోల్టు అంటాం. ముప్పై మిల్లీవోల్టులకు నాలుక మీద కూడా ఏమీ తెలియదు, ఇంతోటిదానికి ఈ భయమేమిటని మీరు అడగవచ్చు. అందుకే ధర్మకాంటా దగ్గరికి పోదాం.

చెరకు ట్రాలీ కాంటా మీదికెక్కింది. కాంటా పలక కింద నాలుగో ఆరో లోడ్ సెల్స్ ఉంటాయి. అవి ఉక్కు దిమ్మెలు. బరువు పడితే వెంట్రుకవాసి వంగుతాయి, ఆ వంపును వాటికి అతికించిన సన్నటి రేకు తీగలు పట్టుకుంటాయి. లోడ్ సెల్‌కు 10 వోల్టులు ఇస్తే, నిండు బరువు మీద అది తిరిగి ఇచ్చేది మామూలుగా 20 మిల్లీవోల్టులు. కాంటా 50 టన్నులదనుకుందాం. ఇరవై మిల్లీవోల్టులను యాభై వేల కిలోలకు పంచండి. కిలోకు వచ్చేది 0.4 మైక్రోవోల్టు, అంటే వోల్టులో పది లక్షల వంతులో సగం కూడా కాదు. పది కిలోల తేడా అంటే 4 మైక్రోవోల్టులు. నిజానికి లోడ్ సెల్స్‌ను అవసరానికి మించిన సామర్థ్యంతో వేస్తారు కాబట్టి చేతికొచ్చే సంకేతం ఇంకా తక్కువే. నిండు కాంటా మొత్తం సంకేతం 20 అయితే, ఇందాక మనం లెక్కించిన గోల 30. పెళ్లి బరాత్‌లో డీజే బాక్సు పక్కన నిలబడి చెవిలో చెప్పే రహస్యం లాంటిది ఆ కాంటా తీగ పరిస్థితి.

ఇక్కడ కొంచెం న్యాయంగా మాట్లాడాలి. నేను చెప్పిన లెక్క అన్నిటికంటే చెడ్డ ఏర్పాటుది. మూడు ఫేజులూ ఒకే తొడుగులో ఉన్న కేబుల్ అయితే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చాలావరకు కొట్టేస్తుంది. బరువును అంకెల్లో చూపే కాంటా ఇండికేటర్ కూడా తెలివైనదే. 50 ఆవృత్తాల గోలను గుర్తుపట్టి సగటు తీసి తుడిచేయడం దానికి బాగా వచ్చు. కాబట్టి ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో బస్తాకు ఇంత అని తీసే తరుగును ఈ అయస్కాంత క్షేత్రాల ఖాతాలో రాయకండి. ఆ తరుగుకు కారణాలు వేరే ఉన్నాయి, అవి మనుషులవి.

అసలు తంటా కొత్తగా వచ్చిన డ్రైవ్‌లతో. మోటరు వేగాన్ని కావలసినట్టు తగ్గించి పెంచే పెట్టెలు. డ్రయర్ బ్లోయర్లకు, బాయిలర్ ఫ్యాన్లకు, చెరకు తీసుకుపోయే క్యారియర్లకు ఇప్పుడు ఇవే. కరెంటు బిల్లు తగ్గిస్తాయి, మోటరు మెత్తగా లేస్తుంది, వాటిని వద్దనే పని లేదు. కానీ డ్రైవ్ లోపల జరిగేది తెలుసుకోవాలి. వచ్చిన ఏసీ కరెంటును అది డీసీగా మార్చి, ఐదు వందల పైచిలుకు వోల్టులను సెకనుకు వేలసార్లు కోసి మోటరుకు పంపుతుంది. ఒక్కో కోత సెకనులో పది లక్షల వంతు కంటే తక్కువ కాలంలో పడుతుంది. అంత వేగంగా ఎగిరే వోల్టేజీ పక్కనున్న తీగలోకి గాలిలోంచే, ప్లాస్టిక్ తొడుగులోంచే దూకుతుంది. కాంటా ఇండికేటర్ తుడవడానికి అలవాటు పడ్డ గోల ఇది కాదు.

బోధన్ రోడ్డు మీద ఒక రైస్ మిల్లులో చూసిన సంగతి చెబుతాను, పేరు అక్కరలేదు. కాంటా అంకెలు పొద్దున నిలకడగా ఉంటాయి, మధ్యాహ్నం ఆడతాయి. లారీ నిలబడి ఉండగానే ఇరవై కిలోలు ఎక్కుతాయి, దిగుతాయి. ఇండికేటర్ మార్చారు, పోలేదు. ఒక లోడ్ సెల్ మార్చారు, పోలేదు. ఎండకు అని ఒకరు, ఎలుకలు అని ఒకరు. చివరికి తెలిసింది, డ్రయర్ ఎక్కించిన వేళల్లోనే అంకెలు ఆడుతున్నాయని. కాంటా తీగ వెంట నడిస్తే మర్మం దొరికింది. మిల్లు దారి కింద ఒక ఇనుప పైపు వేసి ఉంది. బ్లోయర్ డ్రైవ్ నుంచి మోటరుకు పోయే కేబుల్ అందులోంచి పోతోంది. కాంటా బిగించడానికి వచ్చిన పిల్లలు, పైపు ఉండనే ఉంది కదా, మళ్లీ దారి తవ్వడం దేనికని తమ తీగను కూడా అందులోనే దూర్చారు. వాళ్లను తప్పుపట్టలేం. ఆ పైపులో ఇంకేం పోతోందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. విడిగా ఒక పైపు వేసి తీగ మార్చాక అంకెలు నిలబడ్డాయి. తీసేసిన ఇండికేటర్, తీసేసిన లోడ్ సెల్ రెండూ మంచివే అయి ఉంటాయి.

ఈ కథ ప్రతి మిల్లులోనూ కాస్త అటూఇటుగా జరుగుతుంది, కారణం పని జరిగే వరస. మొదట ట్రాన్స్ఫార్మర్ వస్తుంది, తర్వాత మోటర్లు, వాటికి లావు కేబుళ్లు. గోడలు, ట్రేలు, పైపులు, అన్నీ వాటి కొలతకే. బియ్యంలో రంగు గింజలు ఏరే సార్టెక్స్, డ్రయర్ ఉష్ణోగ్రత చూసే సెన్సర్, కెమెరాలు, కాంటా, ఇవన్నీ ఆఖర్న వేరే వేరే మనుషులతో వస్తాయి. ఎవరికి వారు దొరికిన కేబుల్‌కు టేపుతో కట్టి పోతారు. కాగితం మీద గీత గీసేటప్పుడు రెండు దారులు పెట్టుకుంటే అయ్యే ఖర్చు దాదాపు సున్నా. సిమెంటు పోశాక అదే పని చేయాలంటే మిల్లు ఆపాలి.

ఎంత దూరం అన్నదానికి మన దేశపు ప్రమాణమే ఉంది. కేబుళ్లు వేసే పద్ధతి చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 1255, 1983 నాటిది. భూమిలో కరెంటు కేబుల్‌కూ కంట్రోల్ కేబుల్‌కూ మధ్య 20 సెంటీమీటర్లు, కరెంటు కేబుల్‌కూ టెలిఫోను వంటి సమాచార కేబుల్‌కూ మధ్య 30 సెంటీమీటర్లు వదలమంటుంది. సున్నితమైన కంట్రోల్ కేబుల్ ఉంటే ప్రేరణ ప్రభావాన్ని విడిగా చూసుకోమని కూడా అంటుంది. ఇది డ్రైవ్‌లు ఇంతగా లేని రోజుల మాట. ఇప్పుడు డ్రైవ్ తయారుచేసేవాళ్లు తమ పుస్తకాల్లో మోటరు కేబుల్‌కు సన్నతీగలను అర మీటరు దూరంలో ఉంచమని రాస్తున్నారు. ఆ పుస్తకం డ్రైవ్ పెట్టెలోనే వస్తుంది. చాలాచోట్ల ఆ పెట్టె మూలన పడి ఉంటుంది, పుస్తకం అందులోనే ఉంటుంది.

కరెంటు కేబులూ సన్నతీగా ఒకదాన్నొకటి దాటక తప్పదనుకోండి, నిలువుగా అడ్డంగా, కూడలిలో రోడ్లు కలిసినట్టు తొంభై డిగ్రీల కోణంలో దాటించండి. పక్కపక్కన నడిచిన పొడుగే చేటు. అడ్డంగా దాటిన చోట క్షేత్రం సన్నతీగ చుట్టులోంచి పోదు, దాటే జాగా కూడా జానెడే. ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చేచోట హై వోల్టేజీ కేబుళ్లు పైన, మామూలు కరెంటు కేబుళ్లు వాటి కింద, ఆ కింద కంట్రోల్, అన్నిటికీ అడుగున కొలత తీగలు. పెద్ద కర్మాగారాల్లో ఇది వాడుకలో ఉన్న పద్ధతే.

దూరం పెంచితే ఎంత లాభం? ఒంటి తీగ అయితే దూరం రెండింతలు చేస్తే గోల సగమవుతుంది. పోయే తీగా వచ్చే తీగా అంటిపెట్టుకొని ఉంటే మాత్రం అదే దూరానికి పావు వంతుకు పడిపోతుంది. కాబట్టి ఫేజునూ న్యూట్రల్‌నూ విడదీయకూడదు. కొన్ని ఊళ్లలో బాయిల దగ్గర ఫేజు ఒక్కటి తెచ్చుకొని, న్యూట్రల్‌కు బదులు భూమిలో కడ్డీ పాతి బల్బు వెలిగిస్తారు. ప్రాణానికి ప్రమాదం, ఆ సంగతి మొదట చెప్పాలి. దానితోపాటు, అలా చేస్తే పోయే కరెంటుకూ వచ్చే కరెంటుకూ మధ్య పొలమంత ఖాళీ ఏర్పడుతుంది.

ఇదే పెద్ద ఎత్తున రైలు దారిలో కనిపిస్తుంది. ఇప్పుడు నిజామాబాద్ మీదుగా 25 కిలోవోల్టుల తీగ కింద రైళ్లు నడుస్తున్నాయి. కరెంటు పైతీగలో వస్తుంది, పట్టాల్లోంచి, కొంత భూమిలోంచి తిరిగిపోతుంది. రైలుదారి వెంట సమాంతరంగా పోయే రాగి టెలిఫోను తీగలను అది తాకకుండా ఉండదు. అందుకే విద్యుదీకరణకు ముందు స్తంభాల మీది తీగలను తీసి, తొడుగున్న కేబుళ్లను భూమిలో వేయడం రైల్వేల ఆనవాయితీ. హైటెన్షన్ లైన్లు వేసేవాళ్లకు, టెలిఫోనువాళ్లకు మధ్య ఈ లెక్కలు తేల్చడానికే దేశంలో ఒక సమన్వయ సంఘం ఉంది. పీటీసీసీ అంటారు. లైనులో లోపం వచ్చిన క్షణాన పక్కనున్న టెలిఫోను తీగలో పుట్టే వోల్టేజీ 430 దాటకూడదన్నది వాళ్ల హద్దు. లోపాన్ని రెప్పపాటులో తెంచేసే నమ్మకమైన లైన్లకు 650 దాకా ఒప్పుకుంటారు. అంటే తీగల మధ్య దూరం చట్టం పట్టించుకునేంత పెద్ద విషయమే. మిల్లు గేటు లోపలికి వచ్చేసరికి అడిగేవాళ్లుండరు.

దూరం కుదరనిచోట మెలిక ఉంది. పూర్వం రోడ్ల పక్కన టెలిఫోను స్తంభాల మీద కొంత దూరానికొకసారి రెండు తీగలు స్థానాలు మార్చుకోవడం పాతతరం వాళ్లు చూసే ఉంటారు. ఒక మజిలీలో ఈ తీగ మీద ఎక్కువ పడ్డ గోల, తర్వాతి మజిలీలో ఆ తీగ మీద పడుతుంది, చివర్లో రెండూ కొట్టుకుపోతాయి. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే మెలితిప్పిన జతకు పేటెంట్ తీసుకున్నాడు. ఈ రోజు కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్‌ను కోసి చూస్తే లోపల నాలుగు జతలు మెలికలు తిరిగే ఉంటాయి. కొలత తీగ కొనేటప్పుడు మెలిక జత అడగండి. రెండు విడితీగలు ఒక పైపులో వేయడం మెలిక కాదు.

మెలిక మీద రేకు తొడుగు, దాన్నే షీల్డు అంటాం. మెకానిక్‌లు ఎక్కువగా కొట్లాడుకునేది దీని దగ్గరే. ఎర్త్ ఒక కొసన ఇవ్వాలా, రెండు కొసలా? కాంటా, సెన్సర్ వంటి సన్నతీగలకు మామూలుగా ఒక్క కొసనే, ఇండికేటర్ ఉన్నవైపు. డ్రైవ్ నుంచి మోటరుకు పోయే షీల్డు కేబుల్‌కు రెండు కొసలా ఇవ్వాలి, అక్కడ గోలను పుట్టినచోటే మూసిపెట్టాలి కాబట్టి. సన్నతీగకు రెండు కొసలా ఇస్తే ఏమవుతుందంటే, కాంటా దగ్గరి ఎర్త్ గుంటకూ ఆఫీసు దగ్గరి ఎర్త్ గుంటకూ వోల్టేజీ ఒక్కటిగా ఉండదు, ఆ తేడా షీల్డులోంచి పారుతుంది. నల్లరేగడి భూములున్నచోట ఇది కాలాన్నిబట్టి మారుతుంది. వానాకాలం రేగడి తడిసి కరెంటును బాగా పట్టుకుంటుంది. ఎండాకాలం నెర్రెలిచ్చి ఎర్త్ కడ్డీని వదిలేస్తుంది. ఏప్రిల్‌లో ఎర్త్ గుంటలో రెండు బిందెల నీళ్లు పోసే వాచ్‌మన్ మిల్లు యజమానికి చేసే మేలు కొలవలేనిది.

చక్కెర మాట ఎత్తకుండా ఈ జిల్లాలో ప్రసంగం ఎలా ముగిస్తాం? బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. ఆ తరం కర్మాగారాల్లో సన్నతీగల గొడవే లేదు. మిల్లులు ఆవిరితో తిరిగేవి. కొలతలు పాదరసం గొట్టాల్లో, గాలి గొట్టాల్లో ఉండేవి. తర్వాత వచ్చిన గాలి సంకేతాల్లో 3 పౌండ్ల ఒత్తిడి అంటే సున్నా, 15 పౌండ్లు అంటే నిండు. గాలి గొట్టాన్ని ఎంత లావు కరెంటు కేబుల్ పక్కన వేసినా దానికి ఏమీ కాదు. విద్యుత్ సంకేతాలు వచ్చాక కూడా, సున్నాకు కొంత ఒత్తిడి ఉంచే ఆ తెలివిని వదులుకోలేదు. 4 మిల్లీ ఆంపియర్లు సున్నా, 20 నిండు. సున్నాకు కూడా కరెంటు పారుతూ ఉంటుంది కాబట్టి తీగ తెగితే వెంటనే తెలుస్తుంది. పైగా వోల్టేజీ రూపంలో పంపే సంకేతం కంటే కరెంటు రూపంలో పంపేది దారిలో గోలను బాగా తట్టుకుంటుంది. చక్కెర పాకం ఉష్ణోగ్రత చూసే థర్మోకపుల్ తీగనే తీసుకోండి. కె రకం అయితే డిగ్రీకి 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. ఒక్క మిల్లీవోల్టు గోల దూరితే ఇరవై నాలుగు డిగ్రీల అబద్ధం. దాన్ని సెన్సర్ దగ్గరే 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సంకేతంగా మార్చి పంపితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపించే మార్గం చూడడానికి ప్రభుత్వం 2024లో సంఘం వేసింది. ఎప్పుడు తెరిచినా ఆ పాత గోడల మధ్య కొత్త డ్రైవ్‌లు, కంప్యూటర్లు రాక తప్పదు. నా ఆశ ఒక్కటే. యంత్రాల టెండరుతోపాటు కేబుల్ దారుల పటం కూడా అదే రోజు బల్ల మీదికి రావాలి. కాంటా తీగకు ఆ పటంలో సొంత దారి ఉండాలి.

ఇళ్లలోవాళ్లకు రెండు ముక్కలు. కెమెరా బొమ్మ మీద చారలు పైకి పాకుతుంటే ఆ తీగ కరెంటు కేసింగ్‌లోంచి వస్తోందేమో చూడండి. గణపతి మండపంలో మైకు గుర్రుమంటుంటే మైకు వైరును సీరియల్ బల్బుల వైరు నుంచి విప్పి ఎడంగా వేయండి, దాటక తప్పనిచోట దానికి అడ్డంగా దాటించండి.

ఇక కాంటా ఎక్కేవాళ్లకు. తూనికలు కొలతల శాఖ ధర్మకాంటాను ఏడాదికొకసారి పరీక్షించి ముద్ర వేస్తుంది. ముద్ర తేదీ చూడడం మీ హక్కు. ఆ పరీక్ష జరిగిన పూట మిల్లు నడుస్తోందా, ఆగి ఉందా అన్నది ముద్రలో ఉండదు. ఖాళీ కాంటా మీద సున్నా కనిపించిందని నిశ్చింతగా ఉండకండి. ఇండికేటర్లు నెమ్మదిగా జరిగే చిన్నచిన్న తేడాలను తమంతట తామే సున్నాకు లాక్కుంటాయి. నిండు ట్రాలీని కాంటా మీద నిలిపి, ట్రాక్టర్ ఇంజన్ ఆపి, దిగి పక్కకు నిలబడండి. మిల్లు మొత్తం నడుస్తుండగా ఒక నిమిషం అంకెలు చూడండి. కదలకుండా ఉంటే చీటీ తీసుకోండి. ఆడుతుంటే, డ్రయర్ బ్లోయర్ ఒక్క నిమిషం ఆపమని అడగండి. ఆపగానే అంకె నిలబడితే ఆ అంకె మీద చీటీ కొట్టించుకొని, కాంటా తీగ ఏ పైపులోంచి వస్తోందో గుమస్తాను అడిగి రండి.